అకిలీస్ టెండన్ నొప్పి: విశ్రాంతి ఎంత, వ్యాయామం ఎంత

పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే తాడు లాంటి అకిలీస్ టెండన్ మన శరీరంలోని టెండన్లన్నింటిలోకీ మందమైనది, బలమైనది. అయినా అలవాటు లేని భారం ఒక్కసారిగా మీద పడితే అది కూడా దెబ్బతింటుంది. చాలాకాలం కదలకుండా కూర్చున్నవారు ఉన్నట్టుండి పరుగు మొదలుపెట్టడం, రోజూ నడిచే దూరాన్ని వారంలోనే రెట్టింపు చేయడం, ఏ సాధనా లేకుండా అలిపిరి మెట్లెక్కడం వంటివి ఇందుకు దారితీస్తాయి. మధుమేహం, అధిక బరువు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు వాడుతుండగా ఈ నొప్పి మొదలైతే, తర్వాతి మాత్ర వేసుకోకముందే వైద్యునికి తెలియజేయాలి.

ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగుల్లో మడమ వెనుక భాగం బిగుసుకుపోయినట్టు ఉండి, కాసేపు నడిచాక సడలడం దీని ముఖ్య లక్షణం. నొప్పి అరికాలి వైపు, మడమ కింద ఉంటే అది వేరే సమస్య. టెండన్‌ను రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూస్తే నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది: మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన ఉందా, ఎముకను అంటుకునే చోటే ఉందా అన్నదాన్ని బట్టి వ్యాయామం మారుతుంది కనుక దీన్ని ముందే గమనించుకోవాలి.

మొదటి వారాల్లో పరుగు, గెంతడం, ఎత్తు ఎక్కడం మానాలి గానీ కాలిని పూర్తిగా కదపకుండా ఉంచకూడదు. గుడ్డలో చుట్టిన మంచు పది నిమిషాలు పెడితే ఉపశమనం కలుగుతుంది. మడమ కింద చిన్న ఎత్తు ఉన్న పాదరక్షలు టెండన్ మీద లాగుడును తగ్గిస్తాయి. ఇంట్లో బండల మీద వట్టి కాళ్లతో తిరిగే మనకు ఇంటి లోపల కూడా అటువంటి చెప్పులు అవసరం. చాలాకాలంగా ఉన్న నొప్పిలో వాపు కంటే టెండన్ పోగుల అమరిక చెదరడమే ప్రధానం కాబట్టి, నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయే తప్ప టెండన్‌ను బాగుచేయవు.

బాగుచేసేది క్రమంగా పెంచే భారమే. స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మెట్టు అంచున పాదం ముందు భాగం ఆనించి, గోడనో రెయిలింగునో పట్టుకుని, రెండు కాళ్లతో మునివేళ్ల మీదికి లేవాలి. ఆపైన బరువంతా నొప్పి ఉన్న కాలి మీదికి మార్చి, మడమను మెట్టు మట్టం కంటే కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు విడతలు, రోజుకు రెండు పూటలా 12 వారాలు చేయాలి. సులువైపోయాక వీపున బరువున్న సంచి తగిలించుకోవచ్చు. నొప్పి ఎముక దగ్గరే ఉంటే మాత్రం మెట్టు వద్దు, సమతల నేల మీదే చేయాలి.

చేసేటప్పుడు కొంత నొప్పి సహజమే. మర్నాటి ఉదయానికి బిగువు ముందుకంటే పెరిగితే విడతలు తగ్గించాలి. కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. తొందరపడి టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే అది తెగే ప్రమాదం ఉంది. మూడు నెలల వ్యాయామంతోనూ గుణం కనిపించకపోతే ఎముకల వైద్యుని సలహాతో షాక్‌వేవ్ చికిత్స (నొప్పి ఉన్న చోటికి బయటి నుంచి ధ్వని తరంగాలు పంపడం) వంటివి ఆలోచించవచ్చు.

వెనుక నుంచి ఎవరో తన్నినట్టు లేదా ఫట్‌మని తెగినట్టు అనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద నిలబడలేకపోతే, వ్యాయామం, మర్దన ఏవీ చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.