పీసీఓఎస్: అండం విడుదలకు ఏ మందు ముందు, ఏది తర్వాత

పీసీఓఎస్ అంటే హార్మోన్ల తేడా వల్ల అండాశయం నుంచి అండం సరిగా విడుదల కాని సమస్య. పిల్లల కోసం అండం విడుదల చేయించే మాత్రలు మొదలుపెట్టక ముందే భర్తకు వీర్య పరీక్ష చేయించాలి. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉన్నాక ఇచ్చిన శాంపిలే లెక్కకొస్తుంది. కోనసీమలో చాలా ఇళ్లలో ఆయన కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, సెలవు మీద వచ్చి వెళ్తారు. ఆమెకు చేయాల్సిన థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు ఆయన దిగకముందే పూర్తయితే ఆ సెలవు వృథా కాదు.

నెలసరి రాకపోతే ముందు గర్భం లేదని తేల్చుకోవాలి. ఆ తర్వాతే డాక్టరు నెలసరి రప్పించే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 10 మి.గ్రా. ఐదు నుంచి పది రోజులు ఇస్తారు. మరక కనిపించిన రోజు కాదు, సరిగ్గా రక్తస్రావం మొదలైన రోజే ఒకటో రోజు. శ్రావణ మాసం పూజలకని నెలసరి వాయిదా బిళ్లలు వేసుకుని ఉంటే దాచకుండా చెప్పండి. చెప్పకపోతే రోజుల లెక్కకీ స్కానింగ్‌కీ పొంతన కుదరదు.

ఇప్పుడు మొదట ఇచ్చే మందు లెట్రోజోల్. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకు 2.5 మి.గ్రా. అండం పెరగకపోతే తర్వాత 5, ఆపైన 7.5. మందుల షాపులో "ఇది రొమ్ము క్యాన్సర్ మాత్ర కదా" అంటే కంగారుపడి మానేయొద్దు. మాట నిజమే, కానీ ఈ ఐదు రోజుల వాడకం వేరు. సంతానలేమికి దీన్ని వాడకూడదని మన దేశంలో 2011లో నిషేధించారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. పుట్టే పిల్లల్లో లోపాలు క్లోమిఫీన్ కంటే ఎక్కువని తర్వాతి పరిశీలనల్లో తేలలేదు. గర్భం ఉండగా మాత్రం వేసుకోకూడదు.

క్లోమిఫీన్ పాత మందు. 50 మి.గ్రా.తో మొదలై 150 దాకా వెళ్తారు. ఇది ఒంట్లో చాలా రోజులు నిలిచి ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, అండం బాగా పెరిగినా గర్భసంచి లోపలి పొర పలచగా ఉండిపోవచ్చు. లెట్రోజోల్ త్వరగా దిగిపోతుంది. అమెరికాలో 750 మంది మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో బిడ్డ పుట్టినవారు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫీన్‌తో 19.1 శాతం. క్లోమిఫీన్ వాడుతుండగా చూపు మసకబారితే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి.

చాలామంది దెబ్బతినేది స్కానింగ్ దగ్గర. పదో రోజుకు అండం పెరిగే కోశం 11 మి.మీ. ఉందని విని నిరాశపడి, ఊరు దూరమని రెండోసారి వెళ్లరు. కోశం ఎదగడం మొదలైతే రోజుకు సుమారు 2 మి.మీ. పెరుగుతుంది, అంటే ఇంకో నాలుగు రోజుల్లో అదే 18 దాటొచ్చు. అప్పుడు హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తే దాదాపు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఇంజెక్షన్ ఇచ్చిన రోజూ మర్నాడూ భార్యాభర్తలు కలవాలి. ప్రొజెస్టిరాన్ పరీక్షను గుడ్డిగా 21వ రోజున కాకుండా, అండం విడుదలైన ఏడు రోజులకు చేయించండి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు (ng/mL) దాటితే విడుదలైనట్టే.

మెట్‌ఫార్మిన్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. షుగర్ వైపు మొగ్గు ఉన్నవారికి, మాత్రలకు లొంగనివారికి తోడుగా పనికొస్తుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు. భోజనంతో 500 మి.గ్రా. నుంచి మెల్లగా పెంచాలి.

మాత్రలకు అండం రాకపోతే అండాశయాన్ని నేరుగా ప్రేరేపించే గొనాడోట్రోపిన్ హార్మోన్ ఇంజెక్షన్లు, రోజుకు 37.5 నుంచి 75 యూనిట్లతో. పీసీఓఎస్ అండాశయం ఒక్కసారిగా చాలా కోశాలు పెంచేస్తుంది, అందుకే తరచూ స్కాన్ లేకుండా వీటి జోలికి పోకూడదు. మూడు నాలుగు పెద్ద కోశాలు కనిపిస్తే ఆ నెల హెచ్‌సీజీ ఆపేసి, కలవకుండా ఉండటమే క్షేమం. ఇంజెక్షన్ తర్వాత పొట్ట బిగిసి, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకుండా కాకినాడకో రాజమండ్రికో పెద్దాసుపత్రికి బయల్దేరాలి.