గోవా కేసినోకి వెళ్తున్నారా? ఏ సెంటిమెంట్ ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి

భీమవరం, అమలాపురం వైపు నుంచి పండగ డబ్బులతో పనాజీ వెళ్లి మాండోవి నదిలో కేసినో ఓడ ఎక్కే బ్యాచ్‌ల కోసం ఇది. సెంటిమెంట్లు మానెయ్యమని చెప్పను, చెప్పినా మీరు మానరు. ఒక్కటే చూసుకోండి: ఆ సెంటిమెంట్ మిమ్మల్ని టేబుల్ దగ్గర్నుంచి లేపుతోందా, కూర్చోబెడుతోందా? రాహుకాలంలో చిప్ (డబ్బుకి బదులు టేబుల్ మీద పెట్టే బిళ్ల) ముట్టను, వరసగా మూడు పోతే ఇవాళ మన రోజు కాదు లాంటివి హాయిగా ఉంచుకోండి, కారణం ఏదైనా డబ్బు మిగుల్తుంది. సీటు మారిస్తే ఆట తిరుగుతుంది, ఇంతసేపు రాలేదు కాబట్టి ఇక వచ్చి తీరాలి అనేవి మాత్రం ఓడ ఎక్కకముందే వదిలెయ్యండి.

మనకి ఈ జబ్బు కాస్త ఎక్కువే, కోడిపందేల బరి పక్కన పెరిగాం కదా. కుక్కుట శాస్త్రం తిరగేసి భోగికి నెమలి పుంజు, కనుమకి డేగ పుంజు అంటూ, ఏ దిక్కు నుంచి దింపాలో కూడా చూసి పందెం కాస్తాం (చట్టప్రకారం అది నేరం, ఏటా పోలీసులు చెప్తూనే ఉంటారు). కానీ అక్కడ శాస్త్రంతో పాటు పుంజు మేపు, బరువు, కత్తి కట్టేవాడి పనితనం కూడా ఉంటాయి, చూసే కన్నున్నవాడికి కొంత అందుతుంది. బంతి ఏ నంబర్ గడిలో ఆగుతుందో అని పందెం కాసే రౌలెట్ చక్రానికి మేపూ లేదు, నక్షత్రమూ లేదు.

అక్కడ చూడాల్సింది సున్నాలు. ఒక సున్నా ఉన్న చక్రంలో 37 గడులుంటాయి, మీ నంబర్ పడితే కట్టింది వెనక్కిచ్చి, పైన ఇచ్చేది 35 రెట్లే. ఆ తేడా వల్ల సగటున మీరు కట్టే ప్రతి 100కి 2.70 వాళ్లకి పోతుంది. రెండు సున్నాలుంటే 5.26. అలాంటి టేబుల్ కనిపిస్తే ఎవరు ఎదురొచ్చినా కూర్చోకండి.

పక్కనే పాత నంబర్లు చూపించే బోర్డు వెలుగుతుంటుంది, దాన్ని చూసి లెక్కలు కట్టొద్దు. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటే కార్లో కేసినోలో బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది, ఇక ఎరుపు రాక తప్పదని జనం కడుతూ పోయి మునిగారు. చక్రానికి ఇందాక ఏం పడిందో గుర్తుండదు మరి. పాచికలదీ అదే కథ. చిన్న అంకె కావాలంటే మెల్లగా, పెద్దది కావాలంటే గట్టిగా విసిరే అలవాటుని 1960ల్లోనే అమెరికాలో సెయింట్ లూయిస్ టాక్సీ డ్రైవర్ల దగ్గర చూసి రాశారు. మనవాళ్లు పేక ముక్కని అంచు నుంచి కొంచెం కొంచెంగా లాగి చూడటం లేదూ, అలాంటిదే.

మంచి చెయ్యి ఉందని బావమరిది చేత చిప్స్ పెట్టించకండి. పోతే రాజమండ్రి దాకా రైల్లో ఆ పంచాయితీయే నడుస్తుంది. పోయినా ఫర్వాలేదనుకున్న డబ్బే పట్టుకెళ్లి, బ్యాంకు కార్డులు మాత్రం ఆట ఆడని మనిషి చేతికి ఇచ్చెయ్యండి. ఆట మధ్యలో చేబదులిస్తే మన లక్ కూడా వెళ్లిపోతుందనే నమ్మకం మీకుంటే దాన్ని అస్సలు వదలొద్దు, అడిగినవాడి మొహం మీదే చెప్పెయ్యండి.