రేపొస్తానన్న కాంట్రాక్టర్

సమస్య: బాత్రూమ్ పగలగొట్టారు, ఆ తర్వాత మనిషి లేడు.

మన ఊళ్లలో గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. బెంగళూరులో అదే ‘నాళె బా’. మా మారతహళ్లి ఫ్లాట్‌కి వచ్చిన కాంట్రాక్టర్ రోజూ ‘రేపొస్తా సార్’ అనేవాడు. అనంతపురం యాస విని, మనవాడే కదా అని సగం డబ్బు ముందే చేతిలో పెట్టాను. తప్పు నాదే.

కారణం: పగలగొట్టడానికి ఖర్చు తక్కువ. మిగిలిన అడ్వాన్స్ ఇంకో సైట్ కూలీలకు పోతుంది. పైగా టైల్స్ మేస్త్రి, ప్లంబర్ చాలాసార్లు అతని సొంత మనుషులు కారు. పాత బాకీ తీరిస్తేనే వస్తారు.

పరిష్కారం: అడ్వాన్స్ పది శాతం దాటనివ్వకండి. మట్టి, రాళ్లు ఎత్తేశాక కొంత, పైపులు పరీక్షించాక కొంత, టైల్స్ అయ్యాక కొంత ఇవ్వండి. చివరి పది శాతం ఒక నెల ఆపండి. ఇప్పటికే ఇరుక్కుంటే ఇంకో రూపాయి ఇవ్వొద్దు. అయిన పని కొలిచి, ఫోటోలు తీసి, లెక్క వాట్సాప్‌లో పంపండి. మిగతా సామాను బెంగళూరు హార్డ్‌వేర్ బజారైన ఎస్‌జేపీ రోడ్డులో మీరే కొని, మేస్త్రికి చదరపు అడుగు లెక్కన కూలి ఇవ్వండి.

సమస్య: కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ.

ఎవరూ స్నానం చేయకపోయినా చుక్క పడుతుంటే నీళ్లు వచ్చే పైపును అనుమానించాలి. వాడినప్పుడే పడితే డ్రెయిన్ గానీ, ఫ్లోర్ వాటర్‌ప్రూఫింగ్ గానీ. వాటర్‌ప్రూఫింగ్ పోయిందంటే టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పూస్తామంటారు, ఒప్పుకోకండి. లోపం టైల్ కింద ఉంది, మళ్లీ తవ్వాల్సిందే. కొత్త టైల్ వేసే ముందు డ్రెయిన్ మూసి, 48 గంటలు నీళ్లు నిలబెట్టి, మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయండి. కిందింటావిడను పిలిచి సీలింగ్ చూపించమనండి. ఆవిడ కన్నే అసలైన ఇన్‌స్పెక్షన్!

సమస్య: బిల్లు పెరిగింది. ‘అది ఎక్స్‌ట్రా సార్’.

కారణం: నోటి మాట ఒప్పందం. కొటేషన్‌లో బ్రాండ్, మందం, రేటు, చెత్త ఎవరు ఎత్తాలి, 18 శాతం జీఎస్టీ కలిసిందా లేదా, అన్నీ రాయించండి. సింక్ కింద ప్లైవుడ్ మీద ఐఎస్ 710 (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర చూడండి. అనుమానమొస్తే ఒక ముక్క ఉడికించండి, నాసిరకమైతే పొరలు విడిపోతాయి.

కొత్తవాణ్ని వెతికేటప్పుడు ఫోన్‌లో ఫోటోలు చూసి మురిసిపోవద్దు. రెండేళ్ల కిందట అతను చేసిన బాత్రూమ్‌కి వెళ్లి, కింది ఫ్లాట్ బెల్ కొట్టండి.