గాలిలో కలిసిన రసాయనం ఆయుష్షును లెక్కగట్టే పద్ధతి

పెయింటు థిన్నర్ నుంచో, కారు ఏసీ నుంచో గాలిలో చేరిన రసాయనం ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవాలంటే, సూర్యకాంతి దాన్ని నేరుగా విడగొడుతుందా, లేక మరో కణాన్ని పుట్టించి దాని చేత విడగొట్టిస్తుందా అన్నది ముందు తేల్చుకోవాలి.

నేరుగా విడిపోతుందా అని చూసేటప్పుడు చాలామంది బంధశక్తిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఒకప్పటి ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ-12నే తీసుకుంటే, అందులోని కార్బన్-క్లోరిన్ బంధం తెగడానికి మోలుకు దాదాపు 340 కిలోజౌళ్లు కావాలి. 350 నానోమీటర్ల కాంతికి అంత శక్తి ఉంది, ఆ కాంతి మన డాబాల మీద కూడా పడుతుంది. అయినా ఆ అణువు చెక్కుచెదరదు, ఎందుకంటే అది ఆ కాంతిని అసలు పీల్చుకోదు. అందువల్ల బంధశక్తి కంటే ముందు శోషణ పట్టికను చూడాలి. సీఎఫ్‌సీ-12 ప్రధానంగా పీల్చుకునేది 230 నానోమీటర్ల లోపు కాంతిని. నేలకు చేరేదేమో సుమారు 290కి పైబడినది మాత్రమే. కనుక ఆ అణువు 20 కిలోమీటర్లు దాటి స్ట్రాటో ఆవరణంలోకి ఎక్కిన తరువాతే విడిపోతుంది, దాని సగటు ఆయుష్షు దాదాపు 100 ఏళ్లు. అలా విడుదలైన క్లోరిన్ ఓజోనును తినేస్తుందని శాస్త్రవేత్తలు మొలీనా, రౌలండ్ 1974లో హెచ్చరించారు.

అణువులో హైడ్రోజన్ గానీ ద్విబంధం గానీ ఉంటే రెండో దారి, అంటే కాంతి పుట్టించిన మరో కణం దాన్ని విడగొట్టే దారి, చూడాలి. సుమారు 320 నానోమీటర్ల లోపు కాంతికి ఓజోను విడిపోయి ఉత్తేజిత ఆక్సిజన్ పరమాణువును వదులుతుంది. అది నీటి ఆవిరిని తాకితే రెండు హైడ్రాక్సిల్ (OH) కణాలు పుడతాయి. ఎండ, తేమ రెండూ ఉండే ఉష్ణమండలంలో ఇవి ఎక్కువ. ఒక్కొక్కటి సెకను మించి బతకడమే అరుదు, రాత్రింబవళ్ల సగటు ఘన సెంటీమీటరుకు సుమారు 10 లక్షలే, అయినా గాలిని శుభ్రం చేసే పని చాలావరకు వీటిదే.

ఇక లెక్క. చర్యావేగ స్థిరాంకాన్ని, అంటే ఆ రసాయనం హైడ్రాక్సిల్‌తో ఎంత వేగంగా చర్య జరుపుతుందో చెప్పే సంఖ్యను, పై హైడ్రాక్సిల్ సగటుతో గుణించి, వచ్చిన సంఖ్యతో 1ని భాగించాలి. థిన్నర్లలో ఉండే టోలుయీన్‌కు స్థిరాంకం 5.6 × 10⁻¹² కాబట్టి ఆయుష్షు 1.8 లక్షల సెకన్లు, అంటే రెండు రోజులు. మధ్యాహ్నపు హైడ్రాక్సిల్ సంఖ్య సగటు కంటే ఎక్కువ కాబట్టి దాన్ని ఇక్కడ వాడకూడదు. దీర్ఘాయువులకు ఇంకో జాగ్రత్త కూడా అవసరం: కారు ఏసీలలోని హెచ్‌ఎఫ్‌సీ-134ఏకు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచిన స్థిరాంకం వేస్తే ఏడేళ్లే వస్తుంది, కానీ అసలు ఆయుష్షు 14 ఏళ్లకు దగ్గర. పైగాలి చల్లన, చలిలో ఈ చర్య నెమ్మదిస్తుంది కాబట్టి సున్నా డిగ్రీల దరిదాపు విలువ తీసుకోవాలి.

చివరగా, విడిపోయాక ఏం మిగులుతుందో కూడా చూడాలి. నైట్రోజన్ ఆక్సైడ్లున్న నగరపు గాలిలో టోలుయీన్ నేలమట్టపు ఓజోనుకు దారితీస్తుంది. హెచ్‌ఎఫ్‌సీ-134ఏలో కొంత భాగం ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంగా మారి వానతో నేలకు దిగుతుంది, అది నీటిలో ఓ పట్టాన విచ్ఛిన్నం కాదు.