గరాజ్ డోర్ మొరాయిస్తే మోటారును తిట్టే ముందు చూడాల్సినవి

మొన్న శనివారం పొద్దున మా మామయ్యగారు గరాజ్‌లోంచి కేకేశారు, "అమ్మాయ్, ఈ తలుపు సగం దాకా దిగి మళ్లీ పైకి పోతోంది, ఎవరి మీదో అలిగినట్టుంది" అని. వెళ్లి చూస్తే పైన మోటారు లైటు టపటపా కొట్టుకుంటోంది, డోర్ బార్లా తెరిచి ఉంది, ముందు రోజు రాత్రి కారులోంచి దించి గోడకి ఆనించిన రెండు సోనా మసూరి బస్తాల్లో ఒకటి మెల్లగా ఒరిగి సరిగ్గా సెన్సర్ కంటికి అడ్డంగా కూర్చుంది. బస్తాను జానెడు పక్కకి జరిపాను, డోర్ బుద్ధిగా దిగింది. మామయ్యగారు ఈలోపు రిపేరు వాళ్ల నంబర్లు వెతుకుతున్నారు.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో ముందు తలుపు పేరుకే. పిల్లల స్కూలు, ఆఫీసు, కాస్ట్‌కో, గుడి, రాకపోకలన్నీ గరాజ్‌లోంచే. చెప్పులు అక్కడే, రెండో ఫ్రిజ్ అక్కడే, ఇల్లంతా వాసన పట్టకూడదని గారెలు వేయించే స్టవ్వు కూడా అక్కడే. ఇంట్లో కదిలే వస్తువుల్లో అన్నిటికంటే పెద్దది, బరువైనది ఈ డోరే, కానీ అది ఆగిపోయేదాకా దాని ముఖం ఎవరూ చూడరు.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కించుకుంటే మిగతాదంతా తేలిక. డోర్‌ను ఎత్తేది మోటారు కాదు, స్ప్రింగు. రెండు కార్లు పట్టే డోర్ 150 నుంచి 250 పౌండ్ల దాకా ఉంటుంది, అంత బరువును డోర్ పైన ఇనప కడ్డీకి చుట్టి ఉన్న స్ప్రింగులు మోస్తాయి (కొన్ని ఇళ్లలో పక్కల ట్రాకుల వెంట సాగే స్ప్రింగులు ఉంటాయి), మోటారు చేసేదల్లా ఆ తేలికైన డోర్‌ను ముందుకీ వెనక్కీ నడపడమే. అందుకే ఏ తేడా వచ్చినా తప్పు మోటారుదా, డోర్‌దా అని ముందు తేల్చుకోవాలి. డోర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు, పైన పట్టీ మీద జరుగుతూ డోర్‌ను లాగే ట్రాలీ నుంచి వేలాడే ఎర్ర తాడును కిందికి లాగండి. మోటారుకీ డోర్‌కీ బంధం తెగుతుంది. ఇప్పుడు చేత్తో నడుము ఎత్తుకి లేపి మెల్లగా వదలండి, కాళ్లు మాత్రం డోర్ కింద పెట్టకండి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టు. దభీమని కిందికి జారబోతే స్ప్రింగు నీరసించినట్టు, తనంతట తాను పైకి పోతుంటే మరీ బిగించేసినట్టు. చేత్తో హాయిగా ఆడుతున్న డోర్ మోటారుతో ఆడకపోతేనే మోటారు సంగతి చూడాలి. తిరిగి తగిలించడానికి చాలా మోడళ్లలో రిమోట్ నొక్కితే చాలు, ట్రాలీ వచ్చి క్లిక్‌మని పట్టుకుంటుంది, పట్టుకోకపోతే తాడును నిట్టనిలువుగా ఒకసారి లాగి మళ్లీ నొక్కండి.

డోర్ పైకి వెళ్తోంది కానీ కిందికి రావడం లేదు, లేదా కాస్త దిగి వెనక్కి పోతోంది, లైటు కొట్టుకుంటోంది అంటే దాదాపు ఎప్పుడూ సెన్సర్లే. డోర్‌కి రెండు పక్కలా నేల నుంచి 6 అంగుళాల లోపు ఎత్తులో ఎదురెదురుగా రెండు చిన్న కళ్లుంటాయి. ఒకటి కంటికి కనపడని కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఏది అడ్డొచ్చినా డోర్ దిగదు. పిల్లలు డోర్ల కింద ఇరుక్కుని చనిపోయిన ఘటనలు వరసగా జరగడంతో అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారైన ప్రతి ఇంటి ఓపెనర్‌కీ (అంటే డోర్‌ను నడిపే ఈ మోటారు పెట్టెకి) ఇలాంటి రక్షణ ఉండాలని చట్టం తెచ్చారు. కాబట్టి విసుగొచ్చి ఆ రెండు కళ్లనూ ఊడదీసి, పైన మోటారు పక్కన ఎదురెదురుగా పెట్టి టేపు చుట్టే తెలివి మాత్రం వద్దు. ఒకరింట్లో నా కళ్లతో చూశాను, ఆ ఇంట్లో రెండేళ్ల పిల్లాడున్నాడు.

లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లెన్ రకాల్లో పంపే కంటి మీద పసుపు లాంటి కాషాయం లైటు, అందుకునే కంటి మీద ఆకుపచ్చ లైటు ఉంటాయి. రెండూ నిలకడగా వెలగాలి. ఆకుపచ్చది మిణుకుమిణుకుమంటున్నా, ఆరిపోయినా ఎదుటి కిరణం అందడం లేదని అర్థం. బస్తా, చీపురు, చెప్పు, సాలెగూడు, ఏది అడ్డుందో చూడండి. ఏమీ లేకపోతే మెత్తటి గుడ్డతో రెండు అద్దాలూ తుడవండి. నేను చెప్పిన గారెల స్టవ్వు గుర్తుందా, ఆ నూనె ఆవిరి అద్దం మీద పల్చటి పొరలా పట్టి, దాని మీద దుమ్ము చేరి, చూడ్డానికి శుభ్రంగానే ఉన్నట్టుంటుంది కానీ వేలితో రుద్దితే జిడ్డు తెలుస్తుంది. ఇప్పటికీ వెలగలేదా, కన్నుని పట్టి ఉన్న నట్టు కాస్త వదులు చేసి ఎదుటిదాని వైపు అటూ ఇటూ తిప్పండి, ఆకుపచ్చ నిలకడగా వెలిగిన చోట ఆపి బిగించండి. పిల్లల సైకిలు తగిలి పక్కకి తిరగడం మా ఇంట్లో నెలకోసారి మామూలే.

ఇంకోటి, ఇది మనవాళ్లకే ఎక్కువ తగులుతుందని నా అనుమానం. వాస్తు చూసుకుని తూర్పు ముఖం ఇల్లు కొంటాం, వీధి వైపు గరాజ్ ఉన్న ఇళ్లలో అదీ తూర్పుకే తెరుచుకుంటుంది, చలికాలం పొద్దున ఆఫీసుకి బయల్దేరే వేళ ఆగ్నేయం నుంచి ఏటవాలుగా వచ్చే ఎండ ఉత్తరం పక్కనున్న కంట్లో సూటిగా పడుతుంది. అది అందుకునే కన్నయితే ఎండ వెలుగులో అసలు కిరణం గుర్తుపట్టలేదు. పొద్దున మాత్రమే మొరాయించి మధ్యాహ్నం మామూలుగా పనిచేస్తుంటే ఇదే. రెండు కళ్లనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చేయండి, లేదా టాయిలెట్ పేపరు చుట్టలో మిగిలే అట్ట గొట్టాన్ని రెండంగుళాలు కత్తిరించి ఎండ పడే కంటికి టోపీలా తొడగండి. ఆఫీసుకి ఆలస్యమవుతోంది, అప్పటికప్పుడు మూయాలంటే, గోడ మీది బటన్‌ను డోర్ పూర్తిగా దిగేదాకా వేలు తీయకుండా నొక్కి పట్టుకోండి, సెన్సర్ మాట వినకుండా మూసుకుంటుంది. నొక్కుతున్నంతసేపూ కళ్లు డోర్ మీదే ఉండాలి.

గోడ బటన్ పనిచేస్తూ రిమోట్లు అన్నీ ఒకేసారి చచ్చిపోతే బ్యాటరీల కోసం పరుగెత్తకండి. గోడ మీది ప్యానెల్లో తాళం బొమ్మ ఉన్న లాక్ బటన్‌ని ఎవరో నొక్కి ఉంటారు. ఊరెళ్లేటప్పుడు రిమోట్లు పనిచేయకుండా ఆపడానికి పెట్టింది అది. మా మామయ్యగారు లైటు స్విచ్చనుకుని నొక్కిన రోజు మా ఆయన వానలో కారులో పావుగంట కూర్చున్నారు. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పోతుంది. ఒక్క రిమోటే పోతే బ్యాటరీ, చాలా రిమోట్లలో సీఆర్2032 బిళ్ల ఉంటుంది, బయట నంబర్లు నొక్కే కీప్యాడ్‌లో ఎక్కువగా 9 వోల్టుల బ్యాటరీ. రిమోట్ డోర్ దగ్గరికొస్తేనే పనిచేస్తూ వీధిలోంచి పనిచేయడం లేదా? ఈ మధ్య ఓపెనర్‌లో ఎల్‌ఈడీ బల్బు మార్చారేమో చూడండి. చవక బల్బుల్లోని సర్క్యూట్ రేడియో గోల చేస్తుంది, రిమోట్ సంకేతం అందులో కలిసిపోతుంది. బల్బు తీసి దూరం నుంచి నొక్కి చూడండి, తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. గరాజ్ ఓపెనర్లకని ప్రత్యేకంగా రాసి అమ్మే బల్బులున్నాయి, అవి వేయండి.

పాత ఇల్లు కొన్నవాళ్లు మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది. మోటారు పెట్టె మీద లర్న్ అనే రంగు బటన్ ఉంటుంది, దాన్ని ఓ 6 సెకన్లు, పక్కన లైటు ఆరేదాకా నొక్కి పట్టుకుంటే అంతకుముందు జతచేసిన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. పాత యజమాని, ఆయన పనివాళ్లు, పక్కింటివాళ్లు, ఎవరి దగ్గర రిమోట్ ఉందో మనకేం తెలుసు. తర్వాత బటన్ ఒకసారి నొక్కి వదిలేసి, 30 సెకన్లలోపు మన రిమోట్ నొక్కితే అది జతవుతుంది.

అసలేమీ కదలకపోతే, లైటు కూడా లేకపోతే, కరెంటు చూడండి. సీలింగులో ప్లగ్ పెట్టిన సాకెట్‌కి వేరే ఏదైనా దీపం పెట్టి చూడండి. అది వెలగకపోతే గోడ మీది జీఎఫ్‌సీఐ సాకెట్ (షాక్ కొట్టకుండా తనే కరెంటు ఆపేసే రకం) ట్రిప్ అయి ఉంటుంది, ఫ్రిజ్ వెనక దాక్కుని ఉంటుంది చాలాసార్లు, రీసెట్ నొక్కండి. టెక్సస్‌లో వసంతకాలం ఉరుముల వానల్లో ఓపెనర్ బోర్డులు కాలిపోవడం మామూలు, సర్జ్ ప్రొటెక్టర్‌కి పెట్టే 20 డాలర్లకి వెనకాడకండి. మోటారు తిరుగుతూ డోర్ కదలకపోతే ముందు ఎర్ర తాడు ఎవరైనా లాగారేమో చూడండి. అది కాదు, మోటారు పెట్టె లోపల, కింద తెల్లటి పొడి రాలి ఉందంటే ప్లాస్టిక్ గేరు అరిగిపోయింది. గేరు కిట్ దొరుకుతుంది, ఓపికుంటే మనమే మార్చుకోవచ్చు, కానీ స్ప్రింగు నీరసించిన డోర్‌కి కొత్త గేరు వేస్తే అదీ ఏడాదిలో పొడవుతుంది, అందుకే పైన చెప్పిన చేత్తో ఎత్తే పరీక్ష ముందు చేయమన్నది.

ఇక స్ప్రింగు. పగిలితే మీకెవరూ చెప్పక్కర్లేదు, రాత్రిపూట తుపాకీ పేలినట్టు వినపడుతుంది. తలెత్తి చూస్తే చుట్టల మధ్య రెండంగుళాల ఖాళీ కనపడుతుంది. డోర్ కాస్త లేచి ఆగిపోతుంది. ఇక రిమోట్ నొక్కకండి, డోర్ పైనుండగా పగిలితే ఎర్ర తాడు జోలికి అస్సలు వెళ్లకండి, మొత్తం బరువు నెత్తిన పడుతుంది. నేను మిగతావన్నీ సొంతంగా చేసుకునేదాన్నే, స్ప్రింగు, డోర్ పక్కన ఇనప తీగలు, అవి తగులుకునే అడుగు బ్రాకెట్టు మాత్రం ముట్టుకోను. వాటిల్లో దాగి ఉన్న బిగువు చెయ్యి విరగ్గొట్టగలదు. మామూలు స్ప్రింగులు 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కేసి చేస్తారు. రోజుకి 4 సార్లయితే ఏడేళ్లు దాకా వస్తుంది, మనింటి లెక్కన రోజుకి ఎనిమిది సార్లంటే మూడున్నరేళ్లకే గండం. రెండుంటే రెండూ ఒకేసారి మార్పించండి, ఇంకోటి కూడా అంతే వయసుది కదా. మాకు వచ్చిన ఒకాయన స్ప్రింగు కోసం పిలిస్తే ట్రాకులు, మోటారుతో సహా అన్నీ మార్చాలని పెద్ద లిస్టు రాశాడు. వద్దని పంపించి ఇంకో ఇద్దరిని అడిగాను, స్ప్రింగులు మాత్రమే మార్చారు, డోర్ ఇప్పటికీ నడుస్తోంది.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయినప్పుడు మా వీధిలో సగంమందికి కార్లు ఎలా బయటికి తీయాలో తెలియలేదు. ఎర్ర తాడు పని అదే. అయితే అడుగున రబ్బరు గడ్డకట్టి నేలకి అతుక్కుని ఉంటే బలవంతంగా లాగకండి, రబ్బరు ఊడొస్తుంది, మొండి గరిటెతో మంచు గీకి, అప్పుడు లేపండి. వెచ్చదనం కోసం మూసిన గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చోవడం మాత్రం వద్దు, ఆ వారం కార్బన్ మోనాక్సైడ్‌తో టెక్సస్‌లో మనుషులు పోయారు. బ్యాటరీ బ్యాకప్ ఉన్న ఓపెనర్ ఉంటే ఈ బాధ తగ్గుతుంది, కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి కొత్తగా అమ్మేవాటికి అది తప్పనిసరి. కరెంటు ఉన్నా పెట్టె అర నిమిషానికోసారి కుయ్ కుయ్ మంటోందంటే ఆ బ్యాటరీ ఆయుష్షు తీరిందని, స్మోక్ అలారం అనుకుని ఇల్లంతా వెతక్కండి.

నిర్వహణకి ఏడాదికి రెండు పూటలు చాలు. నేను ఉగాదికి ముందు ఒకసారి, దసరాకి కార్ల కింద నిమ్మకాయలు పెట్టే రోజు ఒకసారి చేస్తాను. కీళ్లు, ఇనప రోలర్ల బేరింగులు, స్ప్రింగు చుట్టల మీద సిలికాన్ స్ప్రే లేదా తెల్ల లిథియం గ్రీజు. డబ్బాలోని మామూలు డబ్ల్యూడీ-40 వద్దు, అది ఉన్న గ్రీజును కడిగేస్తుంది. ట్రాకుల లోపల గ్రీజు పూయకూడదు, గుడ్డతో తుడిస్తే చాలు. స్క్రూలు, నట్లు వదులుగా ఉంటే బిగించండి, ఎర్ర రంగు వేసినవి తప్ప. చప్పుడు సగం తగ్గుతుంది, పై గదిలో పడుకునేవాళ్లు మిమ్మల్ని దీవిస్తారు.

నెలకోసారి మాత్రం ఒక పరీక్ష. ఒకటిన్నర అంగుళం మందం చెక్క, హోమ్ డిపోలో టూ బై ఫోర్ అని అడిగితే ఇస్తారు, డోర్ దిగే చోట మధ్యలో పడుకోబెట్టండి. డోర్ దాన్ని తాకిన రెండు సెకన్లలో పైకి పోవాలి. అలా పోకుండా నొక్కుతూ కూర్చుంటే పుస్తకం చూసి ఫోర్స్ తగ్గించండి, లొంగకపోతే మనిషిని పిలిపించండి, అప్పటిదాకా ప్లగ్ తీసి చేత్తోనే వాడుకోండి. ఆ చెక్క మా గరాజ్‌లో బియ్యం బస్తాల పక్కనే ఉంటుంది. బస్తాల ముందు నేల మీద నీలం టేపుతో మామయ్యగారు గీత వేశారు, అది దాటి ఏది పెట్టినా ఆయనే ముందు కేకేస్తున్నారు.