ఇంట్లోనే లాప్‌టాప్ మరమ్మతు - 5వ పాఠం: ఉబ్బిన బ్యాటరీ

గత పాఠంలో అడుగు మూత విప్పి ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము తీయడం నేర్చుకున్నాం. అప్పుడు బ్యాటరీ చదునుగా కాకుండా బొద్దుగా కనిపించిందా? అయితే చార్జర్ పీకేసి, లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఈ పాఠం చదవండి. మూత విప్పకుండా కూడా తెలుస్తుంది: టచ్‌ప్యాడ్ నొక్కితే టక్కుమనదు, బల్ల మీద పెడితే లాప్‌టాప్ ఊగుతుంది. సర్దుకుంటుందని గట్టిగా అదమకండి.

ఇలా ఉబ్బే బ్యాటరీలోని ఒక్కో సెల్, అంటే విద్యుత్తు నిల్వ ఉండే భాగం, పాల ప్యాకెట్ లాంటి మెత్తటి సంచి. లోపలి ద్రవం పాడై వాయువులు పుడితే, పోయే దారి లేక సంచి ఉబ్బుతుంది. వయసు ఒక కారణం. ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి 100 శాతంలో, అంటే సెల్‌కు దాదాపు 4.2 వోల్టుల దగ్గర, ఉంచడం ఇంకొకటి. వేడి ఈ రెంటికీ తోడవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. నెల్లూరులోనో ఒంగోలులోనో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, రేకుల గదిలో, పరుపు మీద పెట్టి వాడే లాప్‌టాప్ ఎంత వేడెక్కుతుందో చేత్తో తాకితేనే తెలుస్తుంది.

ఉబ్బు దానంతటది తగ్గదు. సూదితో పొడిచి గాలి తీసే పని ఎవరు చెప్పినా చేయకండి. పొరలు ఒకదానికొకటి తగిలితే క్షణాల్లో మంట రేగుతుంది. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది.

ఇక తీయడం. స్క్రూలతో బిగించిన బ్యాటరీ, ఉబ్బు కొద్దిగానే ఉంటే, మీరు తీయవచ్చు. జిగురుతో అతికించినదైతే ఇంట్లో వద్దు, షాపుకే తీసుకెళ్లండి. ఈ విషయంలో నేను రాజీపడను.

వరండాలో గచ్చు మీద కూర్చోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన బకెట్ నిండా ఎండు ఇసుక ఉంచుకోండి. అన్నిటికంటే ముందు, బ్యాటరీ వైర్లను లాప్‌టాప్ బోర్డుకు కలిపే కనెక్టర్ ఊడదీయాలి. వైర్లు పట్టి లాగకూడదు. కనెక్టర్ అంచు కింద ప్లాస్టిక్ ముక్క దూర్చి, ఆ కొసా ఈ కొసా కొద్దికొద్దిగా కదిలిస్తే వదులవుతుంది. తర్వాతే స్క్రూలు. స్క్రూడ్రైవర్ జారి సంచికి గుచ్చుకోకుండా రెండో చేత్తో దాని కొన దగ్గర ఆనించి పట్టండి. బ్యాటరీని ఒంచకుండా అంచులు పట్టి పైకెత్తండి. గోళ్ల రంగు లాంటి తియ్యటి వాసన వస్తే అక్కడే వదిలేసి దూరంగా వెళ్లండి. పొగ వస్తే 101కి ఫోన్ చేయండి.

తీశాక కనెక్టర్‌కు ఇన్సులేషన్ టేప్ చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టండి. మూత బిగించకుండా ఇంటి బయట, నీడలో ఉంచండి. చెత్తబండిలో వేయకూడదు, కొరియర్‌లో పంపకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి అప్పగించండి.

ఇచ్చే ముందు లేబుల్ మీదున్న పార్ట్ నంబరు, వోల్టులు, వాట్ అవర్లు కనిపించేలా ఒక ఫొటో తీసుకోండి. వచ్చే పాఠంలో కొత్త బ్యాటరీ ఎంచుకునేది వాటిని చూసే.