సార్కోమాలో ఒక జీన్ తీసుకుని సర్వైవల్ కర్వ్ గీయడం ఎలా?

సార్కోమా అంటే కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్. సర్వైవల్ కర్వ్ అంటే రోజులు గడిచేకొద్దీ ఎంతమంది బతికున్నారో చూపే గీత. ముందే చెప్తున్నా, రిపోర్ట్ చేతిలో పట్టుకుని కంగారుపడుతున్న పేషెంట్ల కోసం కాదు ఇది, వాళ్లు తమ ఆంకాలజిస్ట్‌నే అడగాలి. పొద్దున డేటా దింపుకుని సాయంత్రానికల్లా "ప్రోగ్నోస్టిక్ మార్కర్ దొరికేసింది" (రోగం ఎటు పోతుందో ముందే చెప్పే గుర్తు) అని గంతులేసేవాళ్ల కోసం.

కావాల్సింది ఒక ల్యాప్‌టాప్, ఆర్ (లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష), అందులో సర్వైవల్ ప్యాకేజీ. సీబయోపోర్టల్ అనే వెబ్‌సైట్‌లో టీసీజీఏ (అమెరికా వాళ్ల క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్ట్) సార్కోమా డేటా ఫ్రీగానే ఉంటుంది, 2017 పేపర్‌ది అయితే 206 ట్యూమర్లు, 6 రకాలు. ఎక్స్‌ప్రెషన్ ఫైల్‌నీ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పేది) క్లినికల్ ఫైల్‌నీ పేషెంట్ ఐడీతో కలపండి, ఎక్స్‌ప్రెషన్ అంకెల్ని లాగ్2 చేయండి, చనిపోతే 1, లేకపోతే 0. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

అసలు తంటా "హై", "లో" అని పేషెంట్లని విడగొట్టే దగ్గర, అంటే ఆ జీన్ ఎక్కువ పనిచేస్తున్నవాళ్లు ఒక గుంపు, తక్కువవాళ్లు ఇంకోటి.

మొదటిది, రకాలన్నీ కలిపి కోయొద్దు. మా దగ్గర ఒక కుర్రాడు ఎండీఎం2 జీన్‌తో కర్వ్ గీసుకొచ్చాడు, గీతలు రెండూ భలే విడిపోయాయి, మొహం వెలిగిపోతోంది. హై గ్రూప్‌లో ఎవరున్నారో చూడు నాయనా అన్నా. చూస్తే డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమాలు (కొవ్వు రకం సార్కోమాలు) దాదాపు అన్నీ అక్కడే. వాటిలో 12వ క్రోమోజోమ్ ముక్క బోలెడు కాపీలైపోతుంది, ఎండీఎం2 ఆ ముక్కలోనే ఉంటుంది. ఆ గడ్డలేమో ఎక్కువగా పొట్ట వెనక పెరుగుతాయి, బయటపడేసరికే పెద్దవైపోతాయి, సర్జన్‌కి పూర్తిగా తీయడం కష్టం, మళ్లీ వస్తాయి. అంటే మనవాడు కొలిచింది జీన్‌ని కాదు, గడ్డ ఏ రకమో ఎక్కడుందో అది. అందుకే ఒక్కో రకాన్ని విడిగా చూడండి, లేదా కాక్స్ మోడల్‌లో (చాలా కారణాల ప్రభావాన్ని ఒకేసారి తూచే సర్వైవల్ లెక్క) రకం, వయసు, గ్రేడ్ (మైక్రోస్కోప్ కింద గడ్డ ఎంత దుడుకుగా కనిపిస్తోందో) పెట్టండి.

రెండోది, మీడియన్ (సరిగ్గా మధ్య అంకె) దగ్గరే కోయండి, అదీ కర్వ్ చూడకముందే. వెబ్‌సైట్లలో "బెస్ట్ కటాఫ్" అని బటన్ ఉంటుంది చూడండి, దాన్ని నొక్కేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అది కటాఫ్‌లన్నీ జరిపి జరిపి చూసి పీ వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా వచ్చే అవకాశం) తక్కువొచ్చింది మీ చేతిలో పెడుతుంది, లేని తేడాని ఉందనే తప్పు 5 శాతం ఉండాల్సింది 40 శాతం దాకా పోతుంది, ఏ జీన్ వేసినా మార్కరే. మీడియన్ వల్ల కొంత సమాచారం పోతుంది కదా అంటారు, పోతుంది, పోనీండి, అబద్ధం రాదు. మరీ బాధైతే కోయకుండా ఎక్స్‌ప్రెషన్‌ని అంకెగానే కాక్స్‌లో పెట్టండి.

మూడోది, ఇంకో డేటాసెట్ మీద ఆడించండి. 2010లో సిన్‌సార్క్ అని 67 జీన్ల సిగ్నేచర్ (కలిపి చూసే జీన్ల గుంపు) తెచ్చిన ఫ్రాన్స్ వాళ్లు ఒక గుంపు పేషెంట్ల మీద తయారుచేసి, వేరే గుంపు మీద పరీక్షపెట్టి, మెటాస్టాసిస్ (క్యాన్సర్ వేరే చోట్లకు పాకడం) విషయంలో మైక్రోస్కోప్ గ్రేడ్‌తో పోల్చి మరీ చూపించారు. మీ ఒక్క జీన్ గ్రేడ్ చెప్పేదానికంటే కొత్తగా ఏమీ చెప్పకపోతే అది ఎందుకు?

ఇక గీయడం రెండు లైన్ల కోడ్. కింద ఎప్పుడు ఎంతమంది మిగిలారో అంకెలు వేయండి, చివర ఇద్దరు ముగ్గురే మిగిలిన చోట గీత ధడేల్‌మని పడితే దాని మీద కథలల్లొద్దు. రంగులు నీలం, నారింజ వేయండి; ఎరుపు పచ్చ పెడితే నేను ఫైల్ కూడా తెరవను.